లెక్కలో ఉన్నారు, జాబితాలో లేరు

ఒక నియోజకవర్గం చరిత్ర చెప్పడానికి మనకు అలవాటైన దారి ఒకటుంది. ఏ ఎన్నికలో ఎవరు గెలిచారు, ఏ పార్టీకి అది కంచుకోట, ఆ కోటకు బీటలు ఎప్పుడు పడ్డాయి అని వరసగా చెప్పుకుంటూ పోవడమే ఆ దారి. కెనడా పడమటి తీరంలో ఉన్న వాంకూవర్ ఈస్ట్ నియోజకవర్గాన్ని అలా చెబితే కథ చాలా పొట్టిది. 1933లో గీతలు గీశారు, 1935లో తొలి ఎన్నిక జరిగింది. ఆ తర్వాతి తొంభై ఏళ్లలో 1974లో ఒకసారి, 1993లో ఒకసారి లిబరల్ పార్టీ గెలిచింది. మిగతా సాధారణ ఎన్నికలన్నిటిలో కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్ గానీ, 1961లో దాని వారసురాలిగా పుట్టిన న్యూ డెమొక్రటిక్ పార్టీ గానీ గెలిచింది. ఇంత నిలకడకు కారణం అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: అది కూలీలు, పేదలు ఉండే తూర్పు పేట, కాబట్టి వామపక్షం వైపు మొగ్గుతుంది. ఈ జవాబు తప్పు కాదు. కానీ అది సగమే. ఓటు వేసినవాళ్ల చరిత్రతో పాటు, అక్కడే ఉండి ఓటు వేయలేకపోయినవాళ్ల చరిత్రనూ పక్కన పెట్టుకుని చూస్తే తప్ప వాంకూవర్ ఈస్ట్ అర్థం కాదన్నది నా వాదన. జనాభా లెక్కలో చేరిన తలలకూ ఓటర్ల జాబితాలో చేరిన పేర్లకూ మధ్య ఉన్న ఖాళీయే ఈ నియోజకవర్గానికి దాని స్వభావాన్ని ఇచ్చింది.

ముందు నేల సంగతి. ఉత్తరాన బురార్డ్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ, దాని ఒడ్డున రేవు. ఆ ఒడ్డునే 1865లో హేస్టింగ్స్ కోతమిల్లు మొదలైంది. 1887లో కెనడియన్ పసిఫిక్ రైలు మార్గం వాంకూవర్ దాకా వచ్చింది. మిల్లు, రేవు, రైలు ఈ మూడూ మనుషులను లాక్కొచ్చాయి. మిల్లు చుట్టూ పావెల్ వీధిలో జపనీయుల పేట, దానికి దక్షిణాన పెండర్ వీధిలో చైనాటౌన్, ఆ పక్కన స్ట్రాత్‌కోనాలో ఇటాలియన్లు, యూదులు, ఉక్రేనియన్లు, నల్లజాతివాళ్లు, వాళ్ల తర్వాత చైనీయ కుటుంబాలు కుదురుకున్నాయి. తూర్పుకు పోతే కమర్షియల్ డ్రైవ్, ఇంకా తూర్పున హేస్టింగ్స్ పార్క్ ప్రదర్శన మైదానం. వీటన్నిటి కింద మస్క్వియం, స్క్వామిష్, స్లేల్‌వాటూత్ అనే మూడు ఆదివాసీ జాతుల నేల ఉంది. ఒప్పందం రాసుకుని వాళ్ల దగ్గర తీసుకున్న నేల కాదది. నియోజకవర్గం గీతలు దశాబ్దానికోసారి జరుగుతూ వచ్చాయి కాబట్టి నేను చెప్పబోయే పేటలన్నీ అన్ని కాలాల్లోనూ ఒకే గీత లోపల లేవు. ఇటీవలి దశాబ్దాల్లో ఈ నియోజకవర్గం కిందికి వచ్చిన పేటలను దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నాను. గీత జరిగినా, ఆ పేటల మధ్య ఉన్న చుట్టరికం జరగలేదు.

ఈ పేటల్లో ఎవరికి ఓటు లేదు? బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 1871లో కెనడాలో చేరింది. ఆ మరుసటి ఏడే చైనీయుల ఓటునూ, ఆదివాసుల ఓటునూ తీసేయడానికి చట్టం చేసింది. 1895లో జపనీయులను, 1907లో భారతీయులను ఆ పట్టికలో చేర్చింది. ఈ చివరి చట్టం వాడిన మాట ‘హిందువు’. అది మతానికి సంబంధించిన మాట కాదు. ఆంగ్లో-శాక్సన్ తల్లిదండ్రులకు పుట్టినవాళ్లు తప్ప భారతదేశంలో పుట్టిన ప్రతివాడూ ఆ చట్టం కంటికి హిందువే. కోతమిల్లులో చేరిన పంజాబీ సిక్కు అయినా, పంజాబీ ముస్లిం అయినా అంతే. అక్కడికి ఒక తెలుగువాడు వెళ్లి ఉంటే అతనూ అంతే. 1920లో కేంద్ర ఎన్నికల చట్టం ఈ నిషేధాన్ని ఇంకా గట్టిపరిచింది: జాతి కారణంగా రాష్ట్రంలో ఓటు లేనివాళ్లకు కేంద్ర ఎన్నికల్లోనూ ఓటు ఉండదు. పరాయి దేశస్థులకు ఓటు ఎక్కడుంటుంది అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు అంతకు చాలా ముందే వచ్చింది. జపాన్‌లో పుట్టి, చట్టబద్ధంగా బ్రిటిష్ పౌరుడైన టోమీ హోమ్మా అనే వాంకూవర్ వాసి 1900లో తన పేరు ఓటర్ల జాబితాలో చేర్చమని అడిగాడు. అధికారి కాదన్నాడు. కెనడా కోర్టుల్లో హోమ్మా గెలిచాడు. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ మాత్రం 1902లో రాష్ట్రం వైపే తీర్పు చెప్పింది. పౌరసత్వం వేరు, ఓటు వేరు అన్నది ఆ తీర్పు సారాంశం. కాబట్టి అడ్డం వచ్చింది పౌరసత్వం కాదు, పుట్టుక. కెనడాలోనే పుట్టి, కెనడా బడిలో చదివిన పిల్లలకు కూడా ఇరవై ఒకటో ఏట ఓటు రాలేదు.

జాబితాలో లేని ఈ మనుషులు లెక్కలో మాత్రం ఉన్నారు. ఎంత బరువుతో ఉన్నారో 1931 జనగణన చెబుతుంది. ఆ ఏడు బ్రిటిష్ కొలంబియా జనాభా 6,94,263. అందులో చైనీయులు 27 వేల పైచిలుకు, జపనీయులు 22 వేల పైచిలుకు, ఇద్దరూ కలిసి 49 వేలు దాటారు. కామన్స్ సభలో సీట్లు పంచడానికి అప్పటి రాజ్యాంగ సూత్రం ఒకటుంది. క్యూబెక్ రాష్ట్రానికి 65 సీట్లు స్థిరం. ఆ రాష్ట్ర జనాభాను 65తో భాగిస్తే వచ్చే సంఖ్యే మిగతా రాష్ట్రాలకు కొలపాత్ర. మిగిలిన భిన్నం సగం దాటితే మరో సీటు. క్యూబెక్ జనాభా సుమారు 28.74 లక్షలు కాబట్టి దాదాపు 44,200 మందికి ఒక సభ్యుడు. ఆ లెక్కన బ్రిటిష్ కొలంబియాకు 15.7, అంటే 16 సీట్లు. అంతకు ముందు ఆ రాష్ట్రానికి ఉన్నవి 14. ఇప్పుడు ఆ 49 వేల మందిని పక్కన పెట్టి మళ్లీ భాగించి చూడండి. 14.6 వస్తుంది, అంటే 15 సీట్లు. ఓటు వేయడానికి పనికిరారని రాష్ట్రం తేల్చిన మనుషుల తలల మీదుగా ఆ రాష్ట్రానికి ఒక ఎంపీ కుర్చీ అదనంగా దక్కింది. 1933 పునర్విభజనలో పుట్టిన వాంకూవర్ ఈస్టే ఆ పదహారో కుర్చీ అని నేను అనడం లేదు. లెక్కలో ఫలానాది పదహారోది అని వేలు పెట్టి చూపించలేం. కానీ ఆ తలలు అత్యంత చిక్కగా ఉన్న పేటల పక్కన, ఆ పునర్విభజనలోనే, ఆ సూత్రం మీదే ఈ నియోజకవర్గం పుట్టింది. దాని పుట్టుకలోనే ఆ ఖాళీ ఉంది.

ఇప్పుడు కార్మికుల సంగతికి వద్దాం. దాన్ని తక్కువ చేస్తే నా వాదనే అబద్ధమవుతుంది. 1935 వాంకూవర్‌కు మామూలు ఏడాది కాదు. జూన్ మొదట్లో సహాయ శిబిరాల నుంచి బయటికొచ్చిన నిరుద్యోగులు సరుకు రైళ్ల పైకెక్కి రాజధాని ఒట్టావాకు బయల్దేరారు. అదే నెల 18న రేవు కార్మికులు బాలంటైన్ పియర్ వైపు ఊరేగింపుగా వెళితే పోలీసులు బాష్పవాయువు వదిలి, లాఠీలతో వెంటపడి కొట్టారు. అక్టోబరులో ఎన్నిక. ఆ ఎన్నికలో వాంకూవర్ ఈస్ట్ నుంచి గెలిచిన యాంగస్ మెకిన్నిస్ ట్రామ్ కార్మికుల సంఘం నుంచి ఎదిగిన మనిషి. కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్ మార్గదర్శి జె.ఎస్. వుడ్స్‌వర్త్‌కు అల్లుడు. ఆకలి, నిరుద్యోగం, రేవులో సమ్మె ఇవే ఆయనకు ఓట్లు తెచ్చాయనడంలో సందేహం లేదు. అయితే అదే ఎన్నికలో లిబరల్ పార్టీ ఆ రాష్ట్రంలో చేసిన ప్రచారం ఒకటుంది. ఈ కొత్త పార్టీకి ఓటేస్తే చైనీయులకూ జపనీయులకూ ఓటు ఇచ్చినట్టే అని తెల్లవాళ్లను భయపెడుతూ ప్రకటనలు వేసింది. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. ఆసియా సంతతి కెనడియన్లకు ఓటు ఉండాలని మెకిన్నిస్, వుడ్స్‌వర్త్ బాహాటంగా అంటున్నారు. ఆ మాట వల్ల ఓట్లు పోతాయని తెలిసీ అన్నారు. ఆ మాట అన్న మనిషినే తూర్పు పేట కార్మికులు 1935, 1940, 1945, 1949 ఎన్నికల్లో వరసగా గెలిపించారు. ఆ మాట కోసమే గెలిపించారని చెప్పడానికి ఆధారం లేదు. దాన్ని సహించి గెలిపించారనడానికి మాత్రం నాలుగు ఎన్నికలు ఆధారం. కార్మిక రాజకీయం ఈ ఖాళీకి దూరంగా నడవలేదు, దాని పక్కనే నడిచింది.

ఓటు లేనివాళ్లు ఎన్నికను మార్చలేరు, మరి వాళ్లు నియోజకవర్గం స్వభావాన్ని ఎలా తీర్చిదిద్దుతారు? ఇది గట్టి ఆక్షేపణే. దీనికి 1936 మే నెలలో జరిగిన ఒక ప్రయాణం జవాబు చెబుతుంది. జపనీస్ కెనడియన్ సిటిజన్స్ లీగ్ తరఫున నలుగురు యువ విద్యావంతులు ఒట్టావాకు వెళ్లి, ఎన్నికల చట్టాలను పరిశీలించే పార్లమెంటు సంఘం ముందు కూర్చున్నారు. వాళ్లలో హిదే హ్యోదో బడిపంతులమ్మ. ఎస్.ఐ. హయకావా భాషా పండితుడు, తర్వాతి కాలంలో అమెరికా సెనేటర్. ఓటు అడగడానికి వచ్చినవాళ్లు ఇంత చక్కటి ఇంగ్లిషు మాట్లాడతారని ఆ సంఘంలో కొందరు ఊహించలేదు. వాళ్లకు అండగా నిలబడ్డవాళ్లలో మెకిన్నిస్ ఒకడు. సంఘం వాళ్ల కోరికను తోసిపుచ్చింది. అయినా ఒక పద్ధతి అక్కడ మొదలైంది. తమకు ఓటు వేయలేని మనుషుల ఫిర్యాదును సభ ముందు పెట్టడం కూడా ఎంపీ పనే అన్న పద్ధతి. ఓట్లతో కొలిస్తే అది దండగ పని. ప్రాతినిధ్యం అనే మాటకు అర్థం వెతికితే మాత్రం ఇదే తొలి పాఠం. ఓటు ఉన్నవాడికి ఎన్నికల రోజొకటి ఉంటుంది. ఓటు లేనివాడికి సంఘం, అర్జీ, మాట సాయం చేసే మంచి మనిషి తప్ప వేరే దారి లేదు. అందుకే ఈ పేటల్లో పార్టీల కన్నా సంఘాలు ముందు పుట్టాయి, పార్టీల కన్నా బలంగా పెరిగాయి.

ఈ చరిత్రను ఒక పార్టీ పుణ్యకథగా మార్చకూడదు. 1942 ఆ తప్పు చేయనివ్వదు. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత కెనడా ప్రభుత్వం పడమటి తీరంలోని సుమారు 22 వేల మంది జపాన్ సంతతివాళ్లను ఇళ్ల నుంచి కదిలించింది. వాళ్లలో ఎక్కువమంది కెనడా పౌరులే. ఇదే నియోజకవర్గంలోని హేస్టింగ్స్ పార్క్ ప్రదర్శన మైదానంలో, పశువులను కట్టే కొట్టాల్లో ఆడవాళ్లనూ పిల్లలనూ ఉంచారు. లోపలి ప్రాంతాల శిబిరాలకు పంపేముందు దాదాపు 8 వేల మంది ఆ మైదానం గుండా వెళ్లారు. వాళ్ల ఇళ్లు, పడవలు, దుకాణాలు ప్రభుత్వం స్వాధీనం చేసుకుని వాళ్ల అనుమతి లేకుండా అమ్మేసింది. పావెల్ వీధి మైదానంలో 1914 నుంచి ఆడుతూ తెల్లవాళ్ల చేత కూడా చప్పట్లు కొట్టించుకున్న అసాహీ బేస్‌బాల్ జట్టు ఆ దెబ్బతో చెదిరిపోయింది. ఇంత జరుగుతున్నప్పుడు మెకిన్నిస్ ఆ తరలింపును వ్యతిరేకించలేదు, సమర్థించాడు. యుద్ధకాలంలోనే భార్య గ్రేస్‌తో కలిసి ఆసియా కెనడియన్ల హక్కుల కోసం కరపత్రం రాశాడు. యుద్ధం ముగిశాక వాళ్లను జపాన్‌కు పంపేయాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని గట్టిగా ఎదిరించాడు. కానీ అవసరమైన ఆ వసంతంలో ఆయన గొంతు ప్రభుత్వం గొంతుతోనే కలిసింది. ఓటు లేనివాళ్ల తరఫున మాట్లాడే మనిషి ఎంత మంచివాడైనా సొంత ఓటుకు ప్రత్యామ్నాయం కాడని దీనికి మించిన సాక్ష్యం అక్కర్లేదు. ప్రతినిధి దయ మీద బతికే హక్కు, ఆ ప్రతినిధి భయపడ్డ రోజున కూలిపోతుంది.

ఓటు చివరికి వచ్చింది. చైనీయులకూ భారతీయులకూ రాష్ట్రంలో 1947లో, జపనీయులకు 1949లో. కేంద్ర చట్టంలోని జాతి నిషేధాన్ని 1948లో తొలగించారు. తమ ప్రత్యేక హోదా వదులుకోకుండానే ఆదివాసులు కేంద్ర ఎన్నికల్లో ఓటు వేసే వీలు 1960లో గానీ రాలేదు. ఇక్కడితో ఖాళీ పూడిందని అనుకోవచ్చు. తర్వాతి ఇరవై ఏళ్లు అలా అనుకోనివ్వవు. 1950ల చివర నుంచి నగరపాలక సంస్థ, కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో, స్ట్రాత్‌కోనాను మురికివాడగా ముద్రవేసి కూల్చడం మొదలుపెట్టింది. పదిహేను వీధిచట్రాలు నేలమట్టమయ్యాయి, వేల మంది ఇళ్లు కోల్పోయారు. ఆ ఇళ్లలో చాలావాటి యజమానులు చైనీయ కుటుంబాలు. ఓటు లేని రోజుల్లో కూడబెట్టి కొన్న ఇళ్లు, ఓటు వచ్చిన పదేళ్లకు కూలిపోయాయి. ఒక వేగవంతమైన రహదారిని చైనాటౌన్ గుండా తీసుకెళ్లే పథకం వెంట వచ్చింది. ఆ పథకంలో చివరికి కట్టింది జార్జియా వయాడక్ట్ ఒక్కటే. కానీ నల్లజాతివాళ్ల ఇళ్లూ భోజనశాలలూ ప్రార్థనా మందిరమూ ఉన్న హోగన్స్ ఆలీని అది తుడిచిపెట్టేసింది. 1968లో స్ట్రాత్‌కోనా యజమానులూ అద్దెవాళ్లూ కలిసి స్పోటా అనే సంఘం పెట్టుకున్నారు. ఇంటింటికీ తిరిగి, చైనీస్‌లోనూ ఇంగ్లిషులోనూ మాట్లాడి, ఒట్టావా మంత్రులను తమ వీధులకు పిలిపించి చూపించి, కూల్చివేతను ఆపించారు. కూల్చే డబ్బును మరమ్మతుల డబ్బుగా మార్పించారు. ఓటు వచ్చాక కూడా వాళ్లు గెలిచింది ఓటు లేని రోజుల్లో నేర్చుకున్న పద్ధతితోనే.

ఆ పద్ధతి 1973లో డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్‌కు చేరింది. మిల్లుల్లో, అడవుల్లో, పడవల్లో పనిచేసి ముసలివాళ్లై, ఒంటరిగా లాడ్జి గదుల్లో బతికే మగవాళ్ల పేట అది. ఊరి పెద్దలు దాన్ని తాగుబోతుల వీధి అనేవారు. బ్రూస్ ఎరిక్సన్, లిబ్బీ డేవిస్, జీన్ స్వాన్సన్ తదితరులు అక్కడి నివాసుల సంఘాన్ని నిలబెట్టి, ముందుగా పట్టుబట్టిన విషయం పేరు గురించి. ఇది మురికి కూపం కాదు, మనుషులుండే పేట, దీనికొక పేరుంది అన్నారు. ఖాళీగా పడివున్న పాత కార్నెగీ గ్రంథాలయాన్ని 1980లో సామాజిక కేంద్రంగా తెరిపించారు. ఆ మరుసటి దశాబ్దాల ఎంపీలు ఈ గడ్డ మీద నుంచే వచ్చారు. 1979లో గెలిచిన మార్గరెట్ మిచెల్ పేటల్లో సామాజిక కార్యకర్తగా పనిచేసిన మనిషి. 1997లో గెలిచిన లిబ్బీ డేవిస్ ఆ సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరు. 2015లో గెలిచిన జెన్నీ క్వాన్ హాంకాంగ్‌లో పుట్టి, అదే సంఘంలో పనిచేసి, నగర మండలికీ ఆపై రాష్ట్ర శాసనసభకూ వెళ్లి వచ్చారు. 1982 మే నెలలో మిచెల్ కామన్స్ సభలో లేచి, పదిమంది భర్తల్లో ఒకడు భార్యను కొడుతున్నాడని, ప్రభుత్వం ఏం చేస్తుందని అడిగితే సభలో నవ్వులు వినిపించాయి. ఆ నవ్వు దేశమంతా సిగ్గుపడే విషయమైంది. ఓటు హక్కు అప్పటికి ఆ స్త్రీలందరికీ ఉంది. ఫిర్యాదు వినే చెవి మాత్రం సభకు లేదు. జాబితాలోకి ఎక్కడం ఒక మెట్టు, వినబడటం ఇంకొక మెట్టు అని ఆ రోజు దేశానికి తెలిసింది.

తలపన్ను కథ ఈ రెండు మెట్ల మధ్య దూరాన్ని ఏళ్లలో కొలిచి చూపిస్తుంది. 1885లో కెనడాలో అడుగుపెట్టే చైనీయులపై 50 డాలర్ల పన్ను వేశారు. 1900లో 100, 1903లో 500 చేశారు. 1923లో పన్ను తీసేసి తలుపే మూసేశారు. ఆ తలుపు 1947 దాకా తెరుచుకోలేదు. భర్త ఇక్కడ, భార్యాపిల్లలు సముద్రానికి ఆవల, దశాబ్దాల పాటు. 1980ల మొదట్లో తలపన్ను కట్టిన ఒక వృద్ధుడు రసీదు చేతబట్టుకుని మిచెల్ దగ్గరికి వచ్చి తన 500 డాలర్లు తిరిగి ఇప్పించమన్నాడు. ఆమె 1984లో ఆ విషయాన్ని సభలో లేవనెత్తారు. ఆ తర్వాత దేశం నలుమూలల నుంచి వేల మంది తమ రసీదులు నమోదు చేయించుకున్నారు. జపనీస్ కెనడియన్లకు 1988లో క్షమాపణ, బతికున్న ఒక్కొక్కరికి 21 వేల డాలర్ల పరిహారం దక్కాయి. తలపన్ను బాధితులకు 2006 జూన్ 22 దాకా ఎదురుచూపే మిగిలింది. అప్పటికి పన్ను కట్టినవాళ్లలో బతికున్నవాళ్లు చాలా కొద్దిమంది.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. క్షమాపణ చెప్పింది కన్సర్వేటివ్ ప్రభుత్వం కదా, ఎప్పుడూ ప్రతిపక్షంలో కూర్చునే ఎంపీలను పంపి ఈ నియోజకవర్గం సాధించిందేమిటన్నది మొదటిది. వలసవాళ్లే ప్రధానమైతే లిబరల్స్ గెలుపులూ, మొదటి చైనీస్ కెనడియన్ ఎంపీ డగ్లస్ జంగ్ 1957లో పక్కనున్న వాంకూవర్ సెంటర్ నుంచి కన్సర్వేటివ్‌గా గెలవడమూ ఎలా సర్దుకుంటాయన్నది రెండోది. రెండో దానికే ముందు జవాబు చెబుతాను. 1974లో లిబరల్‌గా గెలిచిన ఆర్ట్ లీ చైనీస్ కెనడియన్. 1993లో గెలిచిన అన్నా టెర్రానా ఇటలీ నుంచి వచ్చిన స్త్రీ. అంటే కంచుకోట బీటలు వారిన రెండుసార్లూ తలుపు తోసింది ఈ పేటల వలస చరిత్రలోంచి వచ్చిన మనుషులే. అది నా వాదనకు విరుద్ధం కాదు. ఇక్కడి ఓటరు పార్టీ జెండా కన్నా, ఎవరికి మా గోడు తెలుసు అన్నదాన్ని చూస్తాడనడానికి అది సాక్ష్యమే. మొదటి ఆక్షేపణలో నిజం ఉంది. అధికారంలో లేని ఎంపీ చట్టం చేయలేడు, ఖజానా తెరవలేడు. కానీ ప్రభుత్వం ఏదో ఒక రోజు ఇవ్వాల్సిన జవాబుకు ముందు ప్రశ్న ఎవరో ఒకరు నమోదు చేయాలి. 1984లో ఆ ప్రశ్న సభ రికార్డుల్లోకి ఎక్కకపోతే 2006లో జవాబు చెప్పాల్సిన అవసరం ఏ ప్రధానికీ ఉండేది కాదు.

ఈ పద్ధతి అన్నిసార్లూ ఫలించలేదనీ చెప్పాలి. 1997లో మత్తుమందు సూదుల ద్వారా వ్యాధులు, మరణాలు పెరిగి డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్‌లో ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మత్తుకు బానిసలైనవాళ్లు తామే సంఘం కట్టుకుని, నేరస్థులుగా కాక రోగులుగా చూడమని అడిగారు. 2003లో ఉత్తర అమెరికాలోనే చట్టబద్ధమైన తొలి పర్యవేక్షిత ఇంజెక్షన్ కేంద్రం ఇన్‌సైట్ హేస్టింగ్స్ వీధిలో తెరుచుకుంది. దాన్ని మూయించబోయిన కేంద్ర ప్రభుత్వాన్ని 2011లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అడ్డుకుంది. అదే వీధుల నుంచి అదే ఏళ్లలో పదుల సంఖ్యలో స్త్రీలు మాయమయ్యారు. వాళ్లలో చాలామంది ఆదివాసీలు. కుటుంబాలు ఫిర్యాదు చేస్తే పోలీసులు పట్టించుకోలేదని 2012లో వచ్చిన విచారణ నివేదిక తేల్చింది. 1992 నుంచి ఏటా ఫిబ్రవరి 14న ఆ స్త్రీలను తలచుకుంటూ ఊరేగింపు జరుగుతోంది. ఎవరి నేల మీద ఈ నియోజకవర్గం గీశారో, ఆ జాతుల ఆడబిడ్డల ప్రాణాలకే అక్కడ లెక్క లేకపోయింది. సభలో ప్రశ్న అడిగే గొంతు ఉన్నా, వీధిలో వినే చెవి లేకపోతే ఏమవుతుందో ఇదే నిదర్శనం.

ఈ ఖాళీ ఇప్పుడు పాత కథేనా? కాదు. కెనడాలో 1964 చట్టం తర్వాత నియోజకవర్గాల గీతలను ఎంపీలు కాక, రాష్ట్రానికొక స్వతంత్ర సంఘం గీస్తోంది. ప్రతి పదేళ్ల జనగణన వెంట కొత్త గీతలు. 2025 ఎన్నికల నాటికి 343 నియోజకవర్గాలు, సగటున ఒక్కోదానిలో లక్షా ఎనిమిది వేల మంది. మనకది శాసనసభ నియోజకవర్గం కన్నా చిన్నది. 2019లోనే 30 లక్షల ఓటర్లు దాటిన మల్కాజిగిరి లోక్‌సభ స్థానంతో పోలిస్తే చేతిలో ఇమిడేటంత. ఆ జనాభా లెక్కలో పౌరులే కాదు, శాశ్వత నివాసులు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు, తాత్కాలిక పనివాళ్లు కూడా ఉంటారు. కెనడా నగరాల్లో చదువుతున్న, పనిచేస్తున్న తెలుగు పిల్లలు ఆ లెక్కలో ఉన్నారు, పౌరసత్వం వచ్చేదాకా జాబితాలో ఉండరు. హోమ్మా కాలంలోలా ఇది పుట్టుకను బట్టి వేసిన శిక్ష కాదు. కాలం తీర్చే తేడా. రెండింటినీ ఒకటనడం ఆ పాత అన్యాయాన్ని పలచన చేయడమే అవుతుంది. అయినా ఎంపీ ముందున్న ప్రశ్న మాత్రం అదే: నాకు ఓటు వేయలేని ఈ మనిషి గోడు నా పనేనా? మన దగ్గర లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా మీద ఆగిపోయి ఉంది. పునర్విభజన జరిగితే దక్షిణాదికి ఎన్ని సీట్లు అన్నదే మన చర్చంతా. అది అవసరమైన చర్చే. కానీ హైదరాబాద్‌లో ఏళ్లుగా బతుకుతూ ఓటు కోసం ఊరికి బస్సెక్కేవాళ్లనూ, పనికోసం రాష్ట్రాలు దాటినవాళ్లనూ చూస్తే, సీట్ల సంఖ్య దగ్గరే ప్రశ్న ఆగదని తెలుస్తుంది. ఉన్నచోట లెక్క, లేనిచోట ఓటు అయితే, ఉన్నచోట వాళ్ల తరఫున అడిగేదెవరు?

ఆఖరి ఆక్షేపణ ఒకటి మిగిలింది. ఈ పేటల్లో అద్దెలు పెరిగాయి, పాత కార్మికుల ఇళ్లలోకి చదువుకున్న యువ ఉద్యోగులు వచ్చారు, నేటి ఓట్లు పాత చరిత్రవి కావని అనవచ్చు. నిజమే, స్వభావం నేలకు అంటుకుని ఉండదు, తరతరానికీ మళ్లీ సంపాదించుకోవాలి. 2025లో న్యూ డెమొక్రటిక్ పార్టీ దేశమంతటా 7 సీట్లకు పడిపోయినప్పుడు వాటిలో వాంకూవర్ ఈస్ట్ ఒకటి. దాన్ని కంచుకోట అనడం తేలిక. ఆ కోట రాళ్లు మోసినవాళ్లలో ఓటు అడిగి కాదనిపించుకున్నవాళ్లు, కొట్టాల్లో పడుకున్నవాళ్లు, రసీదు దాచుకున్నవాళ్లు ఉన్నారని గుర్తుంచుకోవడమే కష్టం. 1931 లెక్కలో ఆ రాష్ట్రానికి అదనంగా ఒక కుర్చీ తెచ్చిపెట్టిన 49 వేల మందిలో దాదాపు ఎవరినీ ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలని అడగలేదు. ఇప్పుడు ఆ నియోజకవర్గం కుర్చీలో ఉన్నది చైనీయ వలస కుటుంబం నుంచి వచ్చిన స్త్రీ. ఆ బాకీ కొంత తీరిందనడానికి ఇది గుర్తు. కొత్తగా లెక్కలో చేరినవాళ్ల గోడును ఆ కుర్చీ ఎంత తొందరగా వింటుందన్నదాన్ని బట్టే మిగతాది తీరాలి.